సైన్సు ముచ్చట్లు: పొట్టికాళ్ళ కథ

పిల్లలూ! ఇంట్లో పాపాయి పుట్టగానే పెద్దవాళ్ళు పోలికలు వెతకటం మీరు చూసే ఉంటారు. "ముక్కు అచ్చం మేనత్తదే" అంటుంది నాయనమ్మ. "కాదు, అది మావాళ్ళ ముక్కు" అంటుంది అమ్మమ్మ. ఆ తగవు ఎప్పటికీ తెమలదు. కుక్కపిల్లల విషయంలో మాత్రం అలాంటి తగవు ఒకదాన్ని శాస్త్రజ్ఞులు తేల్చేశారు. అది కాళ్ళ తగవు.

ఇంగ్లండు పక్కన వేల్సు అనే కొండల దేశం ఉంది. అక్కడ పశువులను తోలటానికి కార్గీ అనే కుక్కను పెంచేవారు. దానిది నక్క మొహం, నిక్కిన చెవులు. ఎత్తు మూరెడయినా ఉండదు. అది ఆవుల వెనక చేరి, మడమలు కొరికి అదిలిస్తుంది. ఆవుకు కోపం వచ్చి తన్నిందనుకోండి, ఆ తన్ను కాస్తా కార్గీ తలమీదుగా పోతుంది!

ఇలాంటి కార్గీకీ, పొడుగుకాళ్ళ అల్సేషియన్‌కూ పుట్టిన పిల్లలు భలే తమాషాగా ఉంటాయి. మొహమూ రంగూ అల్సేషియన్‌వే కావచ్చు, కాళ్ళు మాత్రం పొట్టివి. పెద్ద కుక్కను ఎవరో సగం దాకా నేలలో పాతినట్టుంటుంది! అల్సేషియన్ బదులు లాబ్రడార్ అయితే చెవులు కూడా ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క తీరు. కొన్నిటికి నిక్కుతాయి, కొన్నిటికి వాలిపోతాయి. మరి కాళ్ళ దగ్గర కార్గీయే ఎందుకు గెలుస్తుంది?

పోలికలను తల్లిదండ్రుల నుంచి బిడ్డలకు మోసుకొచ్చేవి జన్యువులు. కార్గీలో, ఎదుగుదలకు సంబంధించిన ఒక జన్యువుకు అదనంగా ఒక నకలు ఉన్నదని 2009లో అమెరికా శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. దానివల్ల కాళ్ళ ఎముకలు పెందరాళే ఎదగటం మానేస్తాయి. తల్లి నుంచి గాని, తండ్రి నుంచి గాని ఈ నకలు ఒక్కటి వస్తే చాలు, కాళ్ళు పొట్టివవుతాయి. అసలు కార్గీలో ఇవి రెండుంటాయి గనక, ప్రతి పిల్లకూ ఒకటి ఇచ్చి తీరుతుంది.

డాక్స్‌హుండ్ కుక్కలోనూ ఇదే నకలు ఉంది. 2022లో మరణించిన ఇంగ్లండు రాణి రెండవ ఎలిజబెత్‌కు కార్గీలంటే ప్రాణం. ఆమె కార్గీకీ, చెల్లెలు మార్గరెట్ పెంచిన డాక్స్‌హుండ్‌కూ పుట్టిన పిల్లలకు 'డోర్గీ'లని పేరు వచ్చింది. తల్లీ పొట్టే, తండ్రీ పొట్టే. ఇక పొడుగుకాళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి?

అలాగని పొట్టివాటికి పొట్టివే పుడతాయనుకునేరు! మన కార్గీ-అల్సేషియన్ పిల్లలు పెరిగి, వాటిలో వాటికి పిల్లలు పుడితే, సుమారు నాలుగింట ఒకటి పొడుగుకాళ్ళతో పుడుతుంది. రెండు రూపాయి బిళ్ళలు కలిపి చాలాసార్లు ఎగరేసి చూడండి. రెండూ బొరుసు పడేది సుమారు నాలుగుసార్లకు ఒకసారి. ఇదీ అదే లెక్క.

ఇంత చిక్కు ఉంది గనకనే, కుక్కపిల్లను చూసి "ఇది ఫలానా జాతి" అని చెప్పేవారి మాట జన్యుపరీక్షలో తరచు తప్పని తేలింది. అలా మోసపోతే కష్టం కుక్కకే. మొహం అల్సేషియన్‌ది గదా అని దాన్ని గోడలు దూకించారనుకోండి, వెన్ను మాత్రం కార్గీదాయె! ఇలాంటి పొట్టికాళ్ళ, పొడుగు వెన్ను కుక్కలకు వెన్నుపూసల మధ్యనుండే మెత్తని బిళ్ళలు చెడి, వెనక కాళ్ళు పడిపోయే జబ్బు ఎక్కువ. దాన్ని మంచం మీంచి దూకనివ్వకండి, లావెక్కనివ్వకండి. ఎత్తుకునేటప్పుడు ముందుకాళ్ళు పట్టి వేలాడదీయరాదు. ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి పిరుదుల కింద ఉంచి, వెన్ను వంగకుండా ఎత్తాలి. మొదటిసారి నాన్ననో అమ్మనో పక్కన ఉండమనండి.