పళ్ళెంలో ఇంకో గరిటె వేయకండి



మన సంఘంలో ఒక సహోదరి బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నారు. ఆమె ఒప్పుకుంటేనే ఇది రాస్తున్నాను. అంతకు ముందు ఆమె లావు చూసి నవ్వుకున్నాం. తిండిబోతుతనం మీద ప్రసంగిస్తూ నేనూ ఆమె వైపే చూశాను. ప్రభువు నన్ను క్షమించును గాక. ఇప్పుడేమో "విశ్వాసం లేక కోయించుకుంది, ఉపవాసముంటే సరిపోయేది" అంటున్నాం.

ఇది సులువైన దారి కాదు. స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయాన్ని 75 నుండి 80 శాతం వరకు తీసేస్తారు. మొదట కొన్ని వారాలు ద్రవాలు, మెత్తని ఆహారమే. ఆపై జీవితాంతం కొద్దికొద్దిగా, నమిలి తినాలి. విటమిన్ మాత్రలు మానకూడదు. పాత అలవాట్లకు తిరిగితే బరువూ తిరిగొస్తుంది. కోత ఒక్కరోజుది, ఆశానిగ్రహం ప్రతి పూటది.

పౌలుతో తిరిగిన లూకా వైద్యుడే కదా! వైద్యం చేయించుకోవడం అవిశ్వాసం కాదు.

కాబట్టి ప్రేమవిందులో "ఇంకొంచెం వేసుకోమ్మా" అని బలవంతపెట్టకండి. నాలుగు ముద్దలకే చెయ్యి కడుక్కుంటే అలిగిందనుకోకండి. పక్కన కూర్చుని మాట్లాడండి. దేహం దేవుని ఆలయమని నమ్మే మనం, ఆ ఆలయాన్ని బాగుచేసుకునేవారి మీద రాళ్ళు వేయకూడదు.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.