పాడింది ఒకరు... వినిపించింది ఇంకొకరు!

రికార్డింగ్ థియేటర్లోకి ఈమధ్య ఒక కొత్త మనిషి వచ్చి చేరాడు. జీతం అడగడు. కాఫీ అడగడు. కాల్షీట్ దాటిపోయిందని గొడవ పెట్టడు. పేరు ఏ.ఐ. మన భాషలో చెప్పాలంటే కృత్రిమ మేధ. సంగీత దర్శకులు పాటలు పేర్చుకునే సాఫ్ట్‌వేర్ ఏది తెరిచి చూసినా, ఏదో ఒక మూల ఈయనగారు కుర్చీ వేసుకుని కూర్చునే ఉంటున్నాడు!

కొన్ని వారాలుగా నాకు వస్తున్న ఉత్తరాల్లో సగం ఈయన గురించే. ఇకమీదట బాణీలు కూడా మిషనే కట్టేస్తుందా అని కొందరు, పాత పాటలకు కొత్త మెరుగు పెడుతుందట కదా, నిజమేనా అని మరికొందరు. అన్నిటిలోకీ నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం ఒక సోదరి రాసిన ఉత్తరం. ఆమె ట్రాక్ సింగర్. ఊరూ పేరూ వేయవద్దన్నారు, వేయను. ఒక పాట మొత్తం తనచేత పాడించారట. నాలుగు రోజుల తర్వాత అదే పాట ఒక పేరున్న గాయని గొంతుతో వినిపించిందట. ఆ గాయని థియేటరుకు రాలేదు, మైకు ముందు నిలబడలేదు. నిర్మాతకు వినిపించడానికి కంప్యూటర్లోనే గొంతు మార్చారన్నమాట. కానీ చరణంలో తాను ఎక్కడ ఊపిరి తీసుకుందో అక్కడే ఊపిరి, తాను వేసిన సంగతే సంగతి! ఇప్పుడు ఆ పాట నేను పాడినట్టా, పాడనట్టా అని ఆమె ప్రశ్న.

చిన్న ప్రశ్న కాదండీ ఇది. జవాబు చెప్పబోయే ముందు ఈ కొత్త మనిషికి ఏయే పనులు వచ్చో ఒకసారి చూద్దాం. అన్నీ ఒకే గాటన కట్టి తిట్టడం న్యాయం కాదు కదా!

మొదటిది మరమ్మతు పని. ఇది కొత్తది కాదు. శ్రుతి తప్పిన గొంతును సరిచేసే ఆటో-ట్యూన్ 1997లోనే వచ్చింది. దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ గారు అంతకు ముందు ఏం చేసేవారనుకున్నారు? భూమిలోకి ధ్వని తరంగాలు పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి చమురు ఎక్కడుందో లెక్కగట్టే పని! ఆ లెక్కల విద్యే పాటలోకి వచ్చింది. మరుసటేడు, 1998లో, అమెరికన్ గాయని షేర్ ‘బిలీవ్’ అనే పాటలో దాన్ని దాచకుండా, గొంతు మెట్లు మెట్లుగా విరిగేటట్టు వాడి ప్రపంచమంతా మోగించింది. ఇక పాడడం రాకపోయినా ఫర్వాలేదని అప్పుడూ పెదవి విరిచినవాళ్ళున్నారు. శ్రుతి సరిచేయగలదు గాని, లేని భావం ఎక్కడినుంచి తెస్తుంది? గాయకులు బతికే ఉన్నారు.

రెండోది విడదీసే పని. కలిసిపోయిన పాటలోంచి గొంతును ఒకవైపు, వాద్యాలను ఒకవైపు లాగడం. పాలల్లోంచి నీళ్ళు తీసే హంస అనుకోండి. వేలాది పాటల్లో గొంతు ఎలా ఉంటుందో, డ్రమ్ము ఎలా ఉంటుందో విడివిడిగా విని నేర్చుకుని, కొత్త పాట వచ్చినప్పుడు ఇది ఫలానా అని పోల్చుకుంటుంది. బీటిల్స్ బృందంవారి ‘నౌ అండ్ దెన్’ ఇలాగే బయటికి వచ్చింది. జాన్ లెనన్ 1970ల చివర్లో ఇంట్లో పియానో వాయించుకుంటూ మామూలు కేసెట్ మీద పాడుకున్న పాట అది. ఆయన 1980లో పోయారు. మిగిలిన ముగ్గురూ 1995లో ఆ పాట పూర్తిచేద్దామని కూర్చుని, కేసెట్‌లో రొద, గొంతుకు అడ్డొచ్చే పియానో చూసి వదిలేశారు. చివరికి యంత్రం ఆ గొంతును తేటగా విడదీసి ఇస్తే 2023 నవంబరులో పాట విడుదలైంది. 2025లో గ్రామీ కూడా వచ్చింది. గమనించండి, అక్కడ వినిపించేది లెనన్ పాడినదే. మిషన్ దుమ్ము దులిపింది, అంతే.

మన పాత పాటలకు ఈ విద్య అంత తేలిగ్గా అబ్బదు లెండి. ఒకే ట్రాక్ మీద గాయకుడు, వాద్యబృందం కలిసి కూర్చుని రికార్డు చేసిన రోజులవి. పైగా ఈ సాఫ్ట్‌వేర్లు చాలావరకు పాటను నాలుగు గదులుగా పంచుతాయి... గొంతు, డ్రమ్స్, బాస్, మిగతావి. మన వీణ, సన్నాయి, వేణువు ఎక్కడికి పోతాయి? ‘మిగతావి’ అనే గదిలోకి! గొంతుతో జంటగా వేణువు నడిచేచోట, ఏది ఎవరిదో తెలియక తడబడడమూ ఉంది. అయినా మేలు చేసే పనే.

మూడోది వాయించే పని. యాపిల్ వారి లాజిక్ ప్రో అనే సాఫ్ట్‌వేర్‌లో 2013లో ఒక డ్రమ్మర్ చేరాడు. 2024 మే నెలలో బాస్ గిటార్ వాయించేవాడూ, కీబోర్డు వాయించేవాడూ వచ్చి పక్కన కూర్చున్నారు. ‘కొంచెం జోరుగా’, ‘కొంచెం నింపాదిగా’ అని మీట జరిపితే చాలు, అలాగే వాయిస్తారు. నలభై వయొలిన్లు పెట్టుకునే స్తోమత లేని కుర్రాడు, అద్దె గదిలో ఒక లాప్‌టాప్ ముందేసుకుని బాణీ కట్టుకుంటుంటే, అతనికిది వరమే. కాదనను.

కాని ఒక చిక్కుంది. వాళ్ళు వాయించేదాంట్లో తప్పు ఉండదు, అదే చిక్కు! అలాంటి పాటకు మామూలుగా అందరూ ఏం వాయిస్తారో అదే వాయిస్తారు. మనిషిని పిలిస్తే ఏమవుతుంది? రాసిచ్చిన నొటేషన్ వాయిస్తూ వాయిస్తూ, ఎవరూ అడక్కుండానే, రెండో చరణం ముందు ఒక చిన్న ముక్క వేస్తాడు. సంగీత దర్శకుడు తలెత్తి చూసి ‘అదే ఉంచండి’ అంటాడు. సినిమా విడుదలయ్యాక జనం ఈలవేసేది ఆ ముక్కనే. మీట జరిపితే అడిగింది వస్తుంది. అడగనిది ఇచ్చేవాడు మనిషే.

ఇక నాలుగోది గొంతు మార్చే పని. మన సోదరి ప్రశ్న ఇక్కడే ఉంది. 

గొంతు మార్చే మిషన్ తనంతట తాను పాడుతుందని చాలామంది అనుకుంటున్నారు. మాటలూ స్వరాలూ రాసిస్తే పాడే రకాలు వేరే ఉన్నాయి. కాని ఇప్పుడు మనం చెప్పుకుంటున్న పద్ధతిలో ముందు ఒక మనిషి పాడి తీరాలి. ఆ మనిషి పాడినదాంట్లోంచి స్వరం ఎక్కడ పైకి పోయింది, ఎక్కడ దిగింది, ఏ అక్షరం ఎంతసేపు నిలిచింది, గమకం ఎలా ఊగింది అన్నదంతా తీసుకుంటుంది. దానిమీద ఇంకొకరి కంఠధ్వని, అంటే ఆ గొంతులోని రంగు మాత్రం పులుముతుంది. ఆ రంగును ఆ గాయకుల పాత రికార్డులు విని ముందే నేర్చుకుని ఉంటుంది.

ఇప్పుడు ఒక్క క్షణం వెనక్కి వెళ్ళండి. ట్రాక్ పాడడం మన చిత్రసీమకు కొత్త కాదు. షూటింగు ముంచుకొస్తుంది, పేరున్న గాయకుడు ఊళ్ళో ఉండడు. పాట ఆగకూడదు గనక ఎవరో ఒక కొత్తవాళ్ళచేత పాడించి, దానిమీద హీరో పెదవులు కదుపుతాడు. తర్వాత గాయకుడొచ్చి, ఆ ట్రాక్ విని, తనదైన పద్ధతిలో పాడి వెళతాడు. ట్రాక్ చెరిగిపోతుంది. అన్యాయంగా కనిపించినా అందులో ఒక లెక్క ఉంది. చివరికి తెరమీద వినిపించేది పేరు పడ్డవాళ్ళు చేసిన పనే. ట్రాక్ పాడినవాళ్ళకు దక్కేది కాస్త డబ్బూ, బోలెడు అనుభవమూ, ఎవరి చెవినైనా పడతామనే ఆశా.

ఇప్పుడు జరిగేది దానికి తలకిందులు. ట్రాక్ పాడినవాళ్ళ పని చెరగడం లేదు. వాళ్ళ ఊపిరి, వాళ్ళ సంగతి, వాళ్ళు రాత్రంతా సాధన చేసి తెచ్చుకున్న భావం అలాగే ఉంటాయి. చెరిగిపోయేది వాళ్ళ గొంతులోని రంగు ఒక్కటే, దాంతోపాటు పేరు! అమ్మాయిగారూ, మీ ప్రశ్నకు నా జవాబిదే. ఆ పాట మీరు పాడినదే. ట్రాక్ పాడినందుకు ఇచ్చే డబ్బు, పాట పాడినందుకు చెల్లదు.

మరి గొంతు ఎవరిదో వాళ్ళ సంగతి? వాళ్ళకూ నష్టమే. తాము పాడని పాటకు తాము బాధ్యులవుతున్నారు. ఈ విషయంలో తెలుగువాళ్ళందరికీ తగిలిన ఉదాహరణ ఒకటుంది. మద్రాసులో జరిగిన ఒక పాటల పోటీలో ఒక సన్నపాటి కుర్రాడి పాట కోదండపాణి గారి చెవిన పడింది. 1967లో ‘శ్రీ శ్రీ శ్రీ మర్యాద రామన్న’తో ఆ కుర్రాడు తెరమీద వినిపించాడు. ఆ కృతజ్ఞత ఎంతటిదంటే, బాలు గారు తర్వాత కట్టుకున్న రికార్డింగ్ థియేటరుకు కోదండపాణి గారి పేరే పెట్టుకున్నారు. 2020 సెప్టెంబరు 25న ఆయన వెళ్ళిపోయారు. 2023లో వచ్చిన ‘కీడా కోలా’లో ఏ.ఐ. సాయంతో ఆయన గొంతును వాడారని, కుటుంబాన్ని అడగలేదని, 2024లో కుమారుడు చరణ్ ఆ చిత్రంవారికి లాయరు నోటీసు పంపారు. ఆ విద్య మీద తమకు కోపం లేదనీ, చెప్పకుండా వాడడం మీదే అభ్యంతరమనీ ఆయన మాట.

అదే 2024లో ఎ.ఆర్. రెహమాన్ గారు తమిళ ‘లాల్ సలాం’లో కన్నుమూసిన ఇద్దరు గాయకులు, బంబా బాక్యా, షాహుల్ హమీద్ గార్ల గొంతులు వినిపించారు. కుటుంబాల అనుమతి తీసుకున్నామని, తగిన పారితోషికం ఇచ్చామని తనే ముందుకొచ్చి చెప్పారు. ఆ ఏడే జూలైలో అరిజిత్ సింగ్ గారు బొంబాయి హైకోర్టుకు వెళ్ళి, తన గొంతును అనుమతి లేకుండా ఏ.ఐ.తో అనుకరించి వాడకూడదని మధ్యంతర ఉత్తర్వు తెచ్చుకున్నారు. అంటే గొంతు గలవాళ్ళకు కోర్టులో కాస్త నీడ దొరుకుతోంది. గొంతు వెనక నిలబడి పాడినవాళ్ళకే ఇంకా గొడుగు లేదు.

అసలు లేదని కూడా అనలేం. 2012లో సవరించిన మన కాపీరైటు చట్టం, ప్రదర్శన చేసినవాళ్ళు ‘ఇది నాది’ అని గుర్తింపు కోరే హక్కు ఇచ్చింది. ఆ ప్రదర్శనను వాడుకునే తీరు వల్ల పేరు వదలక తప్పని సందర్భాలకు మాత్రం మినహాయింపు ఉంది. పేరు వేయడానికి సినిమా టైటిల్స్‌లో చోటు లేదంటే ఎవరు నమ్ముతారండీ? భోజనాలు పెట్టినవారి పేరు, కార్లు పంపినవారి పేరు వేస్తున్నాం. వేయాల్సిందే. ఆ వరసలో ఇంకొక్క పేరు పట్టదా?

నా మటుకు నాకు నిర్మాతలను, సంగీత దర్శకులను మూడు మాటలు అడగాలని ఉంది. ట్రాక్ పాడించేముందే, దీన్ని ఇంకొకరి గొంతులోకి మార్చే ఉద్దేశం ఉందో లేదో కాగితం మీద చెప్పండి. మారిస్తే, ట్రాక్ డబ్బు కాదు, గాయకుల డబ్బు ఇవ్వండి. టైటిల్స్‌లో ‘గానం’ అని పాడినవారి పేరు, ‘గొంతు’ అని అనుమతిచ్చినవారి పేరు, రెండూ వేయండి. వినేవాళ్ళను మోసం చేసినట్టూ ఉండదు.

ఇంకో భయం కూడా చెప్పాలి. ట్రాక్ అనేది మన చిత్రసీమలో మొదటి మెట్టు. అక్కడినుంచే ‘ఈ అమ్మాయి ఎవరండీ, బాగా పాడిందే’ అనే మాట పుడుతుంది. ట్రాక్ బాగుందని అలాగే ఉంచేసిన సందర్భాలూ ఉన్నాయి. ఏ కొత్త గొంతు వచ్చినా వినకముందే పాత గొంతుగా మార్చేస్తూ పోతే, రేపు అనుకరించడానికి కొత్త గొంతు ఎక్కడుంటుంది? ఈ మిషన్‌కు మేత కూడా మనుషులు పాడిన పాటలే కదా!

ఈ విషయం మీద మీ అభిప్రాయాలు రాయండి. ట్రాక్ పాడేవాళ్ళూ, వాద్యకారులూ రాస్తే మరీ సంతోషం. వద్దన్నవాళ్ళ పేరు వేయను. వేయమన్నవాళ్ళ పేరు మాత్రం, అక్షరం పొల్లు పోకుండా, వచ్చేవారం ఇక్కడే వేస్తాను.