శ్రుతి సరిచూసే బుల్లి క్లిప్పు

పిల్లలు ముచ్చటపడ్డారని ఉకులేలే కొంటాం. నెల తిరక్కుండానే అది అటకెక్కుతుంది. చాలాసార్లు తప్పు వేళ్లది కాదు, శ్రుతిది. దీనికి వేసే నైలాన్ తీగలు కొత్తలో సాగుతుంటాయి. పొద్దున సరిచేస్తే సాయంత్రానికి శ్రుతి దిగిపోతుంది. ఇక ఎంత బాగా వాయించినా అపస్వరమే! అందుకే వాద్యంతోపాటే ట్యూనరూ ఉండాలి.

మరి ఏది మంచిది? ఫోన్లో ఉచిత ఆప్‌లున్నాయి. కానీ అవి మైకుతో వింటాయి. పక్కన టీవీయో మిక్సీయో మోగుతుంటే తికమకపడతాయి. వాద్యం తలకు తగిలించే క్లిప్ ట్యూనర్ అయితే చెక్కలోని కంపనాన్నే పట్టుకుంటుంది. నలుగురూ ఒకేసారి వాయించే క్లాసులోనూ పనికొస్తుంది.

కొనేటప్పుడు 'క్రొమాటిక్' రకం అడగండి. పన్నెండు స్వరస్థానాలనూ చూపిస్తుంది కాబట్టి రేపు గిటారు నేర్చుకున్నా అదే చాలు. ఇంట్లో పసివాళ్లుంటే బిళ్ల బ్యాటరీ మూతకు స్క్రూ ఉందో లేదో చూడండి. ఆ బిళ్ల మింగితే ప్రాణాపాయం.

వాడేముందు తెరమీద 440 అంకె ఉండాలి. మీట తగిలి అది మారితే, ట్యూనర్ బాగుందనే అంటుంది, గురువుగారి వాద్యంతో మాత్రం కలవదు. మామూలు ఉకులేలే తీగలు వరసగా జి, సి, ఇ, ఎ. తెరమీద వేరే అక్షరం కనిపిస్తే గబగబా బిరడా బిగించొద్దు, తీగ తెగొచ్చు. కాస్త వదులు చేసి, మీటుతూ మెల్లగా పైకి తేవాలి.

అలవాటయ్యాక ఒక్క తీగనే ట్యూనర్‌తో సరిచేసి, మిగతా మూడూ చెవితో ప్రయత్నించమనండి. సరిగ్గా కుదిరాయో లేదో ఆ తర్వాతే తెర చూడాలి. పిల్లలకు స్వరజ్ఞానం వచ్చేది అలాగే.