పొట్లంలోని బిళ్ళ పేరేమిటి?

నాట్ల రోజుల్లో నడుం పట్టినా, మోకాళ్ళు వాచినా పల్లెల్లో ముందుగా వెళ్ళేది ఊళ్ళోని ఆర్.ఎం.పి. దగ్గరికే. పట్నం వెళితే ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఖర్చు అదనం. ఒక సూది, పొట్లంలో నాలుగు బిళ్ళలు పుచ్చుకుంటే సాయంత్రానికి నొప్పి తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. హస్తవాసి మంచిదనుకుంటారు. ఆ పొట్లంలో స్టెరాయిడు ఉంటే ఆ సంగతి రోగికి చెప్పేవారు తక్కువ.

స్టెరాయిడు విషం కాదు. మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు తయారుచేసే రసాయనం వంటిదే అది. 1948లో అమెరికాలో కీళ్ళవాతంతో కదలలేని ఒక రోగికి తొలిసారి కార్టిసోను ఇవ్వగా, కొద్ది రోజుల్లోనే లేచి తిరగగలిగింది. ఆ పరిశోధనకు 1950లో నోబెల్ బహుమతి లభించింది. ఉబ్బసం రోగులు డాక్టరు చెప్పిన మేరకు పీల్చే మందులోని స్టెరాయిడు మోతాదు స్వల్పం. దానికి భయపడి మానుకోవడమూ పొరపాటే.

ప్రమాదమంతా అడ్డూ అదుపూ లేని వాడకంలో ఉంది. నెలల తరబడి మింగితే ముఖం ఉబ్బుతుంది, రక్తంలో చక్కెర, రక్తపోటు పెరుగుతాయి, ఎముకలు గుల్లబారుతాయి, కంట్లో శుక్లాలు వస్తాయి, అణగి ఉన్న క్షయ తిరగబెట్టవచ్చు. 2021లో కోవిడ్ రోగులను పీడించిన బ్లాక్ ఫంగస్‌కు అదుపు తప్పిన చక్కెరతోపాటు స్టెరాయిడ్ల అతి వాడకమూ ఒక కారణమే. తామరకు షాపులో కొని రాసే కొన్ని క్రీములలోనూ స్టెరాయిడు ఉంటుంది. దురద తగ్గినట్లే తగ్గి, తామర ఒళ్ళంతా పాకుతుంది.

అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. చాలాకాలం వాడినవారు భయపడి ఒక్కసారిగా బిళ్ళలు ఆపరాదు. బయటినుంచి మందు అందుతుంటే ఒంట్లోని గ్రంథులు పని మానుకుంటాయి. హఠాత్తుగా ఆపితే నీరసం, వాంతులు, రక్తపోటు పడిపోవడంతో ప్రాణం మీదికే రావచ్చు. మిగిలిన బిళ్ళలు తీసుకుని ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాలి. డాక్టరు మోతాదును క్రమంగా తగ్గిస్తారు.

ప్రెడ్నిసొలోను, డెక్సామెథసోను, బీటామెథసోను బిళ్ళలను అర్హతగల డాక్టరు రాసిన చీటీ లేకుండా అమ్మరాదని చట్టం చెబుతున్నది. అయినా అడిగినవారికి అడిగినన్ని అమ్మే షాపులున్నాయి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు జిల్లా కేంద్రం దాటి మండలాల్లోని షాపులను తరచు తనిఖీ చేయాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సిబ్బంది, ఆశా కార్యకర్తలు ఈ విషయాలను ఊరూరా చెప్పాలి. నొప్పులతో వచ్చిన కూలీలకు ఆరోగ్య కేంద్రంలోనే డాక్టరు, మందులు దొరికితే వారు పొట్లాల కోసం వెతుక్కోరు.

ఈలోగా గ్రామస్థులు చేయగలిగిందీ ఉంది. పురుగుమందు కొనేటప్పుడు డబ్బా మీద పేరు చూడనిదే రైతు డబ్బివ్వడు. సొంత ఒంట్లోకి పోయే బిళ్ళ పేరు అడగడానికి మొగమాటం దేనికి?