పొగకూ బదిలీ ఉంటుంది

తొమ్మిదో తరగతి పిల్లలను ఈ ఏడాది విద్యుత్ కార్ల మీద వ్యాసం రాయమన్నాం. వచ్చిన కాగితాల్లో సగానికి పైగా ఒకే మాట కనిపించింది: ‘ఈ కార్ల వల్ల కాలుష్యం సున్నా.’ వాక్యంలో అక్షరదోషం లేదు. ఆ సున్నాతోనే మాకు పేచీ.

భిలాయి సెక్టార్ల రోడ్ల మీద ఆకుపచ్చ నంబరు ప్లేటు బళ్లు మీరూ చూస్తున్నారు. వెనక గొట్టం లేదు, పొగ లేదు, చప్పుడూ లేదు. మన వీధి వరకు ‘సున్నా’ నిజమే. కానీ రాత్రంతా ఆ కారు తాగిన కరెంటు ఎక్కడ పుట్టింది? దేశంలో తయారయ్యే కరెంటులో నూటికి డెబ్బై పాళ్లకు పైగా బొగ్గు నుంచే వస్తోంది. భిలాయిలోనే ఎన్‌టీపీసీ, సెయిల్ కలిసి నడిపే 500 మెగావాట్ల బొగ్గు కేంద్రం ఉంది. ఇక్కడికి రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో కోర్బా. అక్కడ గేవ్రా గని, దాని బొగ్గు, ఎన్‌టీపీసీ వారి 2,600 మెగావాట్ల కేంద్రం, బూడిద చెరువులు.

మనకు ఆర్డరు వస్తే పెట్టెలు సర్దుకుని కొత్త ఊరు వెళ్తాం. పాత క్వార్టర్ ఖాళీ అవుతుంది గాని మనం లేకుండా పోము. పొగ సంగతీ అంతే. మన సెక్టారు నుంచి దానికి కోర్బా బదిలీ అయింది.

ఎంత బదిలీ అయిందో లెక్క కడదాం. లెక్కల మాస్టారు క్షమించాలి, ఇవి సుమారు అంకెలు. ఒక మామూలు విద్యుత్ కారు 100 కిలోమీటర్లు నడవడానికి, ఛార్జింగ్‌లో పోయేది కూడా కలిపి, 16 యూనిట్లు కావాలనుకుందాం. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కల ప్రకారం మన గ్రిడ్‌లో ఒక్కో యూనిట్ వెనక సుమారు 0.72 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. అంటే 100 కిలోమీటర్లకు పదకొండున్నర కిలోలు. లీటరుకు 16 కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారు అదే దూరానికి ఆరుంబావు లీటర్లు కాలుస్తుంది. లీటరుకు 2.3 కిలోల చొప్పున పద్నాలుగు కిలోల పైన. తీగల్లో పోయే కరెంటు కలిపితే మొదటి అంకె కొంత పెరుగుతుంది. రిఫైనరీల పొగ, ట్యాంకర్ల పొగ కలిపితే రెండోదీ పెరుగుతుంది. తేడా ఉంది. అయితే పద్నాలుగుకూ సున్నాకూ ఉన్నంత తేడా కాదు. తెలుగులో సున్న ఉంది, అరసున్న ఉంది. ఈ కారుకు అరసున్న ఇద్దామన్నా ఈ లెక్క ఒప్పుకోదు.

బ్యాటరీ సంగతి వేరే. దాని లోహాలను తవ్వి, శుద్ధి చేసి, కూర్చడానికి చాలా శక్తి ఖర్చవుతుంది. కాబట్టి విద్యుత్ కారు షోరూము గుమ్మం దాటేసరికే పెట్రోలు కారు కంటే ఎక్కువ అప్పుతో ఉంటుంది. వేల కిలోమీటర్లు తిరిగితేగాని ఆ అప్పు తీరదు. ఇక ఇనుము ఇద్దరికీ సమానమే. (మన ప్లాంటు చేసేది ఎక్కువగా రైలు పట్టాలు, ప్లేట్లు, కడ్డీలు. కార్ల రేకు మనది కాదని గమనించాలి.)

ఇంతవరకు చదివి, ‘అయితే పెట్రోలు కారే నయం’ అనే పెద్దలు కొందరుంటారు. మేం వారి పక్షం కాదు. పెట్రోలు కారు కొన్న రోజు ఎంత పొగ వదిలిందో పదేళ్ల తర్వాతా అంతే వదులుతుంది, ముసలిదైతే ఇంకా ఎక్కువ. విద్యుత్ కారు అలా కాదు. గ్రిడ్ బాగుపడితే, ఒక్క మర కూడా విప్పకుండా, పాత కారు సైతం బాగుపడుతుంది. పైగా 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్ కూడా కలవడంతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. మీ నాన్నగారికి భిలాయి నుంచి కర్నూలు బదిలీ అయినా కారు అదే గ్రిడ్ కరెంటు తాగుతుంది. అందుకే ఎక్కడ సోలార్ పలక పెట్టినా అది అందరి లెక్కలోకీ వస్తుంది. రామగుండంలో కోర్బాకు సాటి అనదగ్గ 2,600 మెగావాట్ల బొగ్గు కేంద్రం ఉంది. దాని జలాశయం మీదే 2022 నుంచి 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నాయి. పోలిస్తే చిన్న అంకే, కాని మొదలైంది.

మన పక్క ఊరి సంగతి ఇంకా ముఖ్యం. రాజ్‌నాంద్‌గావ్‌లో 100 మెగావాట్ల సోలార్ కేంద్రానికి 120 మెగావాట్ అవర్ల బ్యాటరీ జత చేశారు. పగటి ఎండను దాచి, పొద్దుగుంకాక వాడుకోవడానికి. ఇదెందుకు ముఖ్యమంటే, టౌన్‌షిప్‌లో కార్లున్న ఇళ్లు చాలావరకు ఛార్జింగ్ పెట్టేది రాత్రి భోజనాలయ్యాక. ఆ వేళకు సూర్యుడుండడు, బొగ్గే దిక్కు. కాబట్టి మా అభిప్రాయం ఇది: ఛార్జింగ్ పాయింట్లు ఇళ్ల దగ్గర కంటే ముందు ఆఫీసుల్లో, ప్లాంటు గేట్ల దగ్గర, బడి స్టాండులో రావాలి. బండి ఎలాగూ పగలంతా అక్కడే నిలబడి ఉంటుంది. ఆ షెడ్డు కప్పు మీద నాలుగు పలకలు వేస్తే చాలావరకు అక్కడిదక్కడే సరిపోతుంది. సెక్టారు నుంచి బడికి రెండు కిలోమీటర్లు రావడానికి మాత్రం ఏ కారూ అక్కర్లేదు, సైకిలుంది. మొదటి బ్లాస్ట్ ఫర్నెస్ 1959లో వెలిగిన ఈ ఊళ్లో షిఫ్టులకు సైకిళ్ల మీద వెళ్లినవారిలో మీ తాతలూ కొందరుండి ఉంటారు.

కోర్బాలో ఉన్న బడికి బదిలీ అయి వెళ్లిన స్నేహితులు మీలో కొందరికైనా ఉంటారు. ఇక్కడి కార్లు శుభ్రంగా తిరిగినందుకు బూడిద వాళ్ల కిటికీల మీద పడుతుంది. దానికి ‘సున్నా’ అని పేరు పెట్టడం మాకు న్యాయంగా తోచదు. అదే కోర్బా జిల్లాలో కట్‌ఘోరా దగ్గర లిథియం ఉందని గుర్తించి, 2024లో ఆ బ్లాకును వేలంలో ఇచ్చారు. బొగ్గు తవ్విన జిల్లాలోనే రేపు బ్యాటరీల కోసమూ తవ్వుతారు. ఆ తవ్వకం ఎలా సాగుతుందో, అక్కడి అడవికీ నీటికీ ఏమవుతుందో ఇప్పటినుంచే చూస్తూ ఉండండి. వచ్చే ఏడాది వ్యాసం దాని మీదే ఇస్తాం.