తాడు ఇవ్వకుండా నవ్వొద్దు

నిజామాబాద్ జిల్లా సిరికొండలో ఈ వారం ఒక పిల్లగాని మీద నలుగురు పెద్దమనుషులు నవ్విన నవ్వు నాకింకా మింగుడు పడలేదు. పిల్లగాడు ఒమాన్‌లో కంపెనీ పని చేస్తాడు. సెలవు మీద ఇంటికొచ్చాడు. క్యాంపు నుంచి రోజూ కనబడే రాతి కొండల్ని చూసి చూసి ఎక్కాలని ఆశ పుట్టిందట. నోటుబుక్కులో వరుసగా రాసుకున్నాడు: ముందు ఒమాన్‌లోకెల్లా ఎత్తయిన జబల్ షమ్స్, దాని పక్క లోయల్లో తాడు మీద దిగడం, ఆ తర్వాత జోర్డాన్‌లోని వాది రమ్ ఇసుకరాతి గోడలు, ఆఖరికి అమెరికాలో యూటా ఎడారి లోయలు. అన్నీ ఐదేళ్లలో. ఇప్పటిదాకా ఎక్కింది మాత్రం చిన్నప్పటి ఊరిగుట్ట ఒక్కటే. "గల్ఫ్‌కు పోయింది అప్పు తీర్చనీకా, గుట్టలెక్కనీకా?" అన్నాడొకాయన. మిగతావాళ్లు పకపకా నవ్వారు. పిల్లగాడు నోటుబుక్కు మూసి సంచిలో పెట్టుకున్నాడు.

ఇంకెక్కడైనా సరే, సిరికొండ మండలంలో ఈ నవ్వు నవ్వే హక్కు ఎవరికీ లేదు. మాలావత్ పూర్ణది ఈ మండలంలోని పాకాలే. కూలి, ఎవుసం మీద బతికే లంబాడీల బిడ్డ. తాడ్వాయి గురుకులంలో చదువుతూ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి వయసు 13 ఏళ్ల 11 నెలలు. అంత చిన్న వయసులో ఆ శిఖరం మీద నిలబడిన ఆడపిల్ల అంతకుముందు ప్రపంచంలోనే లేదు. 2022లో అలాస్కాలోని డెనాలీ ఎక్కి ఏడు ఖండాల శిఖరాలూ పూర్తి చేసింది. ఆ పిల్ల కూడా తాడ్వాయి బడిలో ఉండగా "ఎవరెస్టు ఎక్కుతా" అని ఊరి అరుగు మీద అని ఉంటే ఈ నలుగురూ ఇలాగే నవ్వేవాళ్లు.

అసలు మనం పూర్ణను తలుచుకునే తీరే సరిగ్గా లేదు. అదేదో దేవుడి మహిమ అన్నట్టు ఫ్లెక్సీ కట్టి, శాలువా కప్పి, చేతులు దులుపుకున్నాం. అక్కడ మహిమ ఏమీ లేదు, ఏర్పాటు ఉంది. అప్పట్లో గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ పూనుకున్నారు, కోచ్ శేఖర్ బాబు చేయి పట్టి నేర్పారు. 2013లో వంద మందికి పైగా గురుకులం పిల్లల్ని భువనగిరి ఏకశిల మీద ఎక్కించారు. అందులోంచి 20 మందిని డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థకు, వాళ్లలో 9 మందిని గడ్డకట్టే చలికాలంలో లడఖ్‌కు పంపారు. చివరికి మిగిలిన ఇద్దరు పూర్ణ, ఖమ్మం జిల్లా పిల్లవాడు సాధనపల్లి ఆనంద్ కుమార్. ఇద్దరూ టిబెట్ వైపు నుంచి శిఖరానికి చేరారు. భువనగిరి గుట్ట నుంచి ఎవరెస్టుకు ఏడాది కూడా పట్టలేదు. ఆ పిల్లల ఆశ స్థాయికి మించిందా అని ఎవరూ తూకం వేయలేదు. మెట్టు తర్వాత మెట్టు కట్టిచ్చారు.

మన పిల్లగానికి ఆ మెట్లే లేవు. పైగా వాడు కోరుకున్న ఎడారి, మంచుకొండ కన్నా మాయదారిది. ఇసుకరాయి తడిస్తే బలం పోతుంది. నిన్న మనిషిని మోసిన అంచు వాన పడిన మర్నాడు చేతిలోకి ఊడి వస్తుంది. రాయి ఆరేదాకా ఆగడం తెలిసినవాడే అక్కడ ఎక్కగలడు. ఇరుకు లోయలు ఇంకా ఘోరం. తలపైన ఆకాశం నీలంగానే ఉంటుంది, ఎక్కడో మైళ్ల అవతల కురిసిన వాన గోడలా వచ్చి మీద పడుతుంది. 1997 ఆగస్టు 12న అరిజోనాలోని యాంటెలోప్ లోయలో 11 మంది ఇట్లాగే కొట్టుకుపోయారు. ఒకసారి దిగి తాడు లాగేసుకున్నాక వెనక్కి ఎక్కే దారి ఉండదు, కిందికే పోవాలి. ఇవన్నీ పక్కన నిలబడి చెప్పేవాడు కావాలి.

2003 ఏప్రిల్‌లో యూటా లోయలో ఆరోన్ రాల్‌స్టన్ అనే ఆరోహకుడి చెయ్యి బండ కింద ఇరుక్కుంది. ఐదు రోజుల తర్వాత తన చెయ్యి తానే కోసుకొని బయటపడ్డాడు. ఆ కథే '127 అవర్స్' సినిమా, సంగీతం మన రహమాన్‌ది. రాల్‌స్టన్ కొత్తవాడేం కాదు. ఎక్కడికి పోతున్నాడో ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా పోయాడు, అంతే. మన మల్లి మస్తాన్ బాబు, నెల్లూరు జిల్లా పల్లెటూరి బిడ్డ, 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలు ఎక్కినవాడు, 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా పోయి తిరిగి రాలేదు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. పిల్లగాని నోటుబుక్కులో నన్ను భయపెట్టింది కొండల ఎత్తు కాదు. ఏ పేజీలోనూ తోడు వచ్చే మనిషి పేరు లేదు.

మర్నాడు వాళ్లింటికి పోయాను. వాకిట్లో వేపచెట్టుకు తాడు కట్టి ఉంది, ఎనిమిది అంకె ముడి. ఫోన్‌లో చూసి నేర్చుకున్నాడట. ముడి ఎక్కడా వంక పెట్టేలా లేదు. పోగులు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పక్కపక్కన పడుకున్నాయి, కొస మూరెడు వదిలాడు. తాడే తప్పు. బోరు మోటారు దించే నైలాన్ తాడది. పైకి ఎక్కేవానికి సాగే తాడు ఉండాలి, జారితే ఆ సాగుడే దెబ్బను మింగుతుంది. సాగని తాడు మీద పడితే నడుం విరుగుతుంది. లోయలోకి దిగేటప్పుడు మాత్రం సాగని తాడే మేలు. "ఇది నాకెవ్వరు చెప్పలే కాకా" అన్నాడు. ఎవరు చెబుతారు? నిజామాబాద్ ఖిల్లా గుట్ట ఉంది, ఆర్మూరు సిద్ధులగుట్ట ఉంది. బండలకు కరువు లేని జిల్లాలో బండ ఎక్కడం నేర్పే బడి లేదు. బండను కోసి లారీలకెత్తే క్వారీలు మాత్రం ఉన్నాయి.

తాడు మాటొచ్చింది కాబట్టి ఇంకో సంగతీ అడగాలి. ఒమాన్‌లో ఎత్తు మీద పనికి ఈ పిల్లగాణ్ని నడుముకు బెల్టు, దానికి కొక్కెం లేకుండా ఎక్కనివ్వరు. ఇక్కడ నిజామాబాద్‌లో మూడంతస్తుల మేడకు రంగు వేసే మనిషి వెదురు పరంజా మీద వట్టి కాళ్లతో నిలబడతాడు. మన గౌడన్నలు తరతరాలుగా మోకు, ముస్తాదు మీద ప్రాణం పెట్టి తాటిచెట్లు ఎక్కుతున్నారు. ఈ నేలమీద అసలైన ఆరోహకులు వాళ్లే. జారిపడి నడుం విరిగి మంచాన పడ్డవాళ్లు లేని గౌడుల వాడ ఉందా? 2024 జూలైలో లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి చేతుల మీదుగా గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం కిట్లు ఇవ్వడం మొదలైనప్పుడు నేను నిజంగా సంతోషించాను. పర్వతారోహకుల నడుం పట్టీ, తాళ్లు, కొక్కాలు తాటిచెట్టు దగ్గరికొచ్చాయి. కానీ మా వైపు ఇప్పటికీ పాత మోకు మీదే ఎక్కేవాళ్లు కళ్ల ముందు కనబడుతున్నారు. ప్రతి గీత కార్మికుడికీ కిట్టు అందాలి. అందడమే కాదు, దాన్ని ఎలా కట్టుకోవాలో, తాడు అరిగిందని ఎలా గుర్తుపట్టాలో మనిషి వచ్చి చెట్టు కింద చూపించాలి.

ఆ నేర్పే మనిషి సిరికొండకు వచ్చినప్పుడు ఒక ఆదివారం అదనంగా ఉండి పిల్లలకు కూడా తాడు పని నేర్పేలా కలెక్టరు గారు చూడాలి. బడి పిల్లల్ని, సెలవు మీదున్న గల్ఫ్ పిల్లల్ని గుట్ట దగ్గరికి తీసుకొచ్చే పూచీ నాది. ఒమాన్ పిల్లగానికి వచ్చే నెలాఖరుదాకా సెలవుంది.