శాండ్‌బాక్స్ పీకేస్తే సరి... అనేవాళ్ళకి

మొన్న సంక్రాంతికి పొదిలి వెళ్ళాను. అక్కావాళ్ళింట్లో అరిసె నోట్లో పెట్టుకున్నానో లేదో, బావ మొదలెట్టాడు. "ఏరా బామ్మర్దీ, రెండేళ్ళుగా నేను ఎక్కించిన మాటలన్నీ మింగేసిందిరా నీ సాఫ్ట్‌వేర్!"

బావకి డీటీపీ షాపుంది. అక్కడున్నది నా పాత మ్యాక్‌బుక్. పాత ఫాంట్ల తెలుగుని యూనికోడ్‌లోకి మార్చే చిన్న యాప్ నేనే రాసిచ్చా. యాప్ స్టోర్ బిల్డ్ తెరిచిన ప్రతిసారీ ఫోల్డర్ చూపించమంటోందని విసుక్కుంటే, "అది తీసేసి నా సైట్లోది వేసుకో బావా, దానికి శాండ్‌బాక్స్ లేదు" అని ఫోన్లోనే సలహా పారేశా. ఆయన దిద్దుకున్న ఇంటిపేర్ల జాబితా ఏమో లైబ్రరీలోని కంటైనర్స్‌లో ఉండిపోయింది. కొత్త బిల్డ్ వెతికేది అప్లికేషన్ సపోర్ట్‌లో. ఇంకేముంది, పెళ్ళికార్డుల్లో మళ్ళీ తప్పులు!

జాబితా పోలేదు, పది నిమిషాల్లో తీసిచ్చా. కానీ దాచిపెట్టిన ఆ ఫోల్డర్ సంగతి బావకెలా తెలుస్తుంది?

తప్పు శాండ్‌బాక్స్‌ది కాదు. ఒకసారి ఎంచుకున్న ఫోల్డర్‌ని గుర్తుంచుకోడానికి సెక్యూరిటీ స్కోప్డ్ బుక్‌మార్క్ ఉంది, నేను రాయలేదు. ఎందుకంటే నా డీబగ్ బిల్డ్‌లో శాండ్‌బాక్స్ ఆఫ్, రిలీజ్‌లో మాత్రం ఆన్. ఆయన పడే బాధ నా మెషీన్లో కనపడితేగా! మనలో చాలామంది చేసేది ఇదే. పైగా "యాపిల్ వాడు సతాయిస్తున్నాడు" అని తిట్లు.

2012 జూన్ నుంచి మ్యాక్ యాప్ స్టోర్లో శాండ్‌బాక్స్ తప్పనిసరి. బీబీఎడిట్ 2014లో స్టోర్ వదిలేసి, 2019లో తిరిగొచ్చింది. అంతటి ఎడిటరే శాండ్‌బాక్స్‌లో ఇమిడితే మన ఫాంట్ కన్వర్టర్‌కి ఏం రోగం? వేరే యాప్స్‌ని చేత్తో ఆడించే టూల్ అయితే సరే, దానికి రెండో బిల్డ్ న్యాయమే.

రెండూ ఇవ్వాల్సొస్తే కోడంతా ఇఫ్‌లు చల్లకండి బాబూ. ఒకటే కోడ్, రెండు ఎక్స్‌సీకాన్ఫిగ్‌లు, రెండు ఎంటైటిల్‌మెంట్స్ ఫైళ్ళు. స్పార్కిల్ అప్‌డేటర్ సైట్ బిల్డ్‌లోనే. బండిల్ ఐడీ, పేరు వేరువేరుగా పెట్టండి, ఏది తెరిచాడో వాడేవాడికి తెలియాలి. అన్నిటికంటే ముందు, రోజూ మీరు రన్ చేసే డీబగ్‌లో శాండ్‌బాక్స్ ఆన్ చెయ్యండి. మొదటి వారం నరకమే, ఒప్పుకుంటా. ఆ నరకం ఇప్పుడు షాపులో బావ పడుతున్నాడు, కోడ్ రాసింది మాత్రం మనం.

జాబితాని ఒక బిల్డ్ నుంచి ఇంకోదానికి పట్టుకెళ్ళే బటన్ ఈ శనివారం రాస్తున్నా. అప్పటిదాకా స్టోర్‌దే వాడతానన్నాడు బావ, ఫోల్డర్ చూపిస్తూ.